బండి రోడ్డుకా, ట్రాకుకా? పైసలు పెట్టే ముందు తేల్చుకోవాలె

"అన్నా, పాత పోలో జీటీ తీసుకొని స్టేజ్ వన్ చేపియ్యాల్నా, కొత్త ఐ20 ఎన్ లైన్ కొనాల్నా?"

ఈ నడుమ నాకు వచ్చే ఫోన్లల్ల గీ ప్రశ్న మస్తు పెరిగింది. మొన్నటిదాక గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తదని, పాసుబుక్కుల తప్పు ఎట్ల దిద్దుకోవాలని అడిగిన తమ్ముళ్లే ఇప్పుడు టర్బో, టార్క్, డౌన్‌పైప్ అని మాట్లాడుతున్నరు. నేను సికింద్రాబాద్‌ల ఉంట. రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాలు, కార్ఖాన, బోయిన్‌పల్లి దిక్కు షెడ్లు ఎరుకే. అందుకే నన్ను అడుగుతరు. నేను ఇంజనీరింగ్ సదువుకున్నోణ్ని కాదు. షెడ్ల ముంగట స్టూలు ఏసుకొని కూసొని, మెకానిక్ అన్నలను సతాయించి, రాత్రిపూట చదివి తెలుసుకున్నదే ఇదంత.

స్పోర్ట్స్ కారు మీద మోజు పడుడు తప్పని నేను అనను. ఊరోడు ట్రాక్టరే నడపాలె, పట్నపోడే మంచి కారు తోలాలె అని ఏడ రాసిలేదు. కని ఆ పైసలు ఎక్కడికెల్లి వస్తున్నయి? చాలా ఇండ్లల్ల అవి ఎకురమో అరెకురమో అమ్మిన పైసలు. లేకుంటే రోడ్డు కింద భూమి పోతే వచ్చిన పరిహారం. మల్లొకసారి రాని పైసలు. భూమి లేనోడైతే ఫైనాన్సు. పాత కారు మీద 12 శాతం వడ్డీకి 8 లక్షలు ఐదేండ్లకు తీసుకుంటే నెలకు 17,800 దాక కిస్తు పడ్తది. మొత్తం కట్టేది 10 లక్షల 68 వేలు. గిసొంటి పైసలతోని కొనే బండి ఏ పనికి అని ముందే తేల్చుకోకుంటే, అది రోజు తిరగడానికీ పనికిరాదు, ట్రాకు మీదికీ పనికిరాదు. షెడ్ల మూలకు దుమ్ము కొట్టుకపోయిన గిసొంటి బండ్లు నేను శాన చూసిన.

రెండు పనులకు తేడా ఏందో సమజ్ కావాల్నంటే ముందుగాల ట్రాకు మీద బండికి ఏమైతదో చూడాలె.

మనం ఊరికి పోయేటప్పుడు గంటల పదిసార్లు గట్టిగ బ్రేకు తొక్కితే ఎక్కువ. చెన్నై పక్కన శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైల ఉన్న రేసు ట్రాకు 3.7 కిలోమీటర్లు. అక్కడ రెండు నిమిషాలల్ల ఒక రౌండు అయిపోతది, ఆ రెండు నిమిషాలల్లనే ఏడెనిమిదిసార్లు బ్రేకు మీద నిలబడ్తరు. బండి ఉరుకుడుల ఉన్న బలమంత బ్రేకు డిస్కుల వేడి అయితది. ఆ వేడి ప్యాడ్లకు, ప్యాడ్లకెల్లి బ్రేకు ఆయిలుకు ఎక్కుతది. డాట్ 3 అని రాసి ఉండే ఆయిల్ కొత్తగ ఉన్నప్పుడు 205 డిగ్రీల దాక మరగదు, డాట్ 4 అయితే 230 దాక ఆగుతది. కని ఈ ఆయిలు గాలిల ఉన్న తేమను గుంజుకుంటది. రెండు మూడేండ్లు మార్చకుంటే నీళ్లు కలిసి శాన తక్కువకే మరుగుతది. మరిగితే లోపట బుడగలు లేస్తయి. అప్పుడు పెడల్ తొక్కితే నేల దాక పోతది, బండి ఆగది. బ్రేకులు ఫెయిలైనయి అని మనం అనేదాంట్ల ఇదొక రకం.

ఇంకో లెక్క గూడ మదిల పెట్టుకోవాలె. వేగం రెండింతలైతే బండి ఆగే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు. మంచి టైర్లు, ఎండిన మంచి రోడ్డు ఉంటే 60 మీద బ్రేకు తొక్కినాంక బండి సుమారు 18 మీటర్లల్ల ఆగుతది. 120 మీద 70 మీటర్లు పడ్తది. కండ్లు చూసి కాలు పడేదానికి ఒక్క సెకను అనుకుంటే 120 మీద ఆ సెకనులనే 33 మీటర్లు పోయి ఉంటవ్. అంటే బర్రె అడ్డమొచ్చింది చూసిన తావుకెల్లి ఆగేదాక నూరు మీటర్ల పైన. ఇంజన్‌ల ఎంత తాకత్ పెంచినా ఈ లెక్క మారది. దీన్ని జరంత మార్చేటివి టైర్లు, బ్రేకులు.

అందుకే నిజంగ ట్రాకుల తిరిగేటోళ్లు ముందుగాల ప్యాడ్లు, బ్రేకు ఆయిలు, టైర్ల మీద పైసలు పెడ్తరు. ఆ తర్వాత ఇంజన్ ఆయిల్ చల్లబడే ఏర్పాటు, తర్వాత సస్పెన్షన్. ఇంజన్ తాకత్ ఆఖరుకు. మన పోరగాండ్లు ఉల్టా చేస్తరు. మొదలు సైలెన్సర్, తర్వాత స్టేజ్ వన్, తర్వాత పెద్ద రిమ్ములు. బ్రేకులు కంపెనీవే, ఆయిలు ఎప్పుడు మార్చిన్రో ఎవరికీ ఎరుక లేదు.

స్టేజ్ వన్ అంటే మాయేం లేదు. ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌ల కంపెనీ రాసిన లెక్కలు ఉంటయి. టర్బో ఎంత గాలి నూకాలె, ఎంత పెట్రోలు పడాలె, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలె అని. ఆ లెక్కలను మారుస్తరు. గాలి ఎక్కువ నూకితే తాకత్ పెరుగుతది, నిజమే. మరి కంపెనోడికి ఇది చేతగాక తక్కువ పెట్టిండా? వాడు కొంత జాగ ఇడిసిపెట్టిండు. రామగుండం ఎండకు, పాడు పెట్రోలుకు, నువ్వు ఎగ్గొట్టిన సర్వీసుకు ఆ జాగ పనికొస్తదని. స్టేజ్ వన్ అంటే ఆ జాగను ఖర్చు చేసుకునుడు. ఎక్కువ గాలి నూకిన ఇంజన్‌కు ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు కావాలె. ప్యారడైజ్ దగ్గర బంకుల అది దొరుకుతది గని మీ మండలంల దొరుకుతదా? దొరకకుంటే లోపట పెట్రోలు టైముకు ముందే అంటుకుంటది, టక్ టక్ మని సప్పుడు వస్తది. గట్లనే తోలితే పిస్టన్లు ఆగమైతయి. ఇంజన్ సగం విప్పాల్సిందే.

పోలో జీటీ సంగతే తీసుకుందాం, అందరు అడిగేది అదే కాబట్టి. 2013ల వచ్చిన జీటీ టీఎస్ఐది 1.2 లీటర్ల ఇంజన్, 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ. ఆ గేర్‌బాక్సు ఆయిల్ లేని పొడి క్లచ్చులది. తయారుచేసినోళ్లు దానికి పెట్టిన హద్దు 250 న్యూటన్ మీటర్లు. స్టేజ్ వన్ కొట్టి ఆ హద్దు దిక్కు పోయినకొద్ది క్లచ్చుల ఆయుష్షు తగ్గుతది. ప్యాట్నీకెల్లి జేబీఎస్ దాక సాయంత్రం పూట ఇంచు ఇంచు జరిగే ట్రాఫిక్‌ల అవి మామూలుగనే వేడెక్కుతయి. 2020 తర్వాత వచ్చిన పోలో జీటీల 1.0 లీటర్ ఇంజన్, 110 పీఎస్, ఆరు గేర్ల మామూలు ఆటోమేటిక్ ఉంటది. రోజు తిరగనీకె నేనైతే దాన్నే ఎంచుకుంట. 2022ల పోలో తయారీ మనకాడ ఆగిపోయింది. అయినా గదే కుటుంబం ఇంజన్ వర్టస్‌ల వస్తున్నది కాబట్టి ఇంజన్ పార్టులకు ఇప్పటికి రంది లేదు.

మన దేశంల ఈ ఉషారు కార్లన్నీ ఇంత చిన్న ఇంజన్లతోనే ఎందుకు వస్తయని ఎప్పుడన్న ఆలోచించిన్రా? పన్ను లెక్క అది. నాలుగు మీటర్ల లోపు పొడుగు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉంటే చిన్న కారు కింద లెక్క. 2025 సెప్టెంబర్ 22 కెల్లి దాని మీద జీఎస్టీ 18 శాతం. ఆ గీత దాటితే 40. అందుకే ఐ20 ఎన్ లైన్ 998 సీసీ, ఆల్ట్రోజ్ రేసర్ 1199 సీసీ, రెండూ 120 పీఎస్. గీత అవతలికి పోయి అసలైన స్పోర్ట్స్ కారు కావాలంటే 2025ల వచ్చిన గోల్ఫ్ జీటీఐ ఉన్నది. 265 పీఎస్, 2025ల వచ్చినప్పుడు ధర 53 లక్షల దగ్గర. మన ముచ్చట దాని గురించి కాదు.

ఇగ మన రోడ్ల సంగతికొద్దాం. జేబీఎస్ కాడికెల్లి సిద్దిపేట దాక రాజీవ్ రహదారి ఉంటది. అక్కడికెల్లి మండలం, మండలంకెల్లి ఊరు. ఊరి తొవ్వ మొదలైన కాడికెల్లి అసలు పరీక్ష. ఎవరిష్టమొచ్చినట్టు వాళ్లు పోసిన స్పీడ్ బ్రేకర్లు, దానికి రంగు ఉండది, బోర్డు ఉండది. కోతల టైముల సగం రోడ్డు మీద వడ్లు, అంచుకు రాళ్లు, రాత్రైతే మీద నల్ల తార్పాలిన్. రైతుకు కల్లం లేక రోడ్డు మీద పోస్తడు, సర్కారు కల్లాలు కట్టియ్యదు. ఆ కొట్లాట మనది వేరే ఉన్నది. కని 100 మీద వచ్చేటోనికి ఆ నల్ల తార్పాలిన్, ఆ రాళ్లు కనపడేసరికే టైము అయిపోతది.

మారుతి స్విఫ్ట్ పొట్టకు, నేలకు నడుమ 163 మిల్లీమీటర్ల ఎడం ఉంటది. ట్రాకు కోసం అని పొట్టి స్ప్రింగులు ఏస్తే బండి 30, 40 మిల్లీమీటర్లు కిందికి దిగుతది. వంపులల్ల బండి ఒరగకుంట పట్టుకుంటది, ట్రాకు మీద అది బంగారమే. ఊరి స్పీడ్ బ్రేకర్ మీద నలుగురు కూసొని పోతే ఆయిల్ చాంబర్ గీరుకుంటది. పెద్ద రిమ్ములు, పల్చటి టైర్లు ఏస్తే గుంతల పడ్డప్పుడు దెబ్బను టైరు మింగది, రిమ్ము వంకర పోతది. గట్టి సస్పెన్షన్ కారుల మోకాళ్ల నొప్పులున్న అవ్వను దవాఖానకు తోలుకపొయ్యి చూడు, నీకే ఎరుకైతది.

ఖర్చు గూడ జెప్త. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగేటోడు, టర్బో కారు ట్రాఫిక్‌ల 12 కిలోమీటర్లు ఇస్తే రోజుకు 5 లీటర్లు. లీటరు 107 అనుకుంటే 535 రూపాయలు, నెలల 25 దినాలకు 13 వేల పైన. కిస్తుతోని కలిపితే 31 వేలు. టైర్లు, సర్వీసు, ఇన్సూరెన్సు ఇంక లెక్కల్నే లేవు.

ఇప్పుడు జర భయపెట్టే ముచ్చట. రేసు కారు లోపట ఇనుప పైపులతోని పంజరం లెక్క కట్టి ఉంటది, రోల్ కేజ్ అంటరు. బండి పల్టీలు కొట్టినా పైకప్పు కూలకుంట కాపాడుతది. మన దగ్గర కొందరు అది చూసి రోడ్డు కారుల ఏపిస్తున్నరు, స్టైల్ కోసం. రేసర్ నెత్తి మీద హెల్మెట్ ఉంటది, ఆరు దిక్కుల కట్టే బెల్టు ఉంటది, మెడ కదలకుంట పట్టే పట్టీ ఉంటది. అవి ఉంటేనే పంజరం కాపాడుతది. హెల్మెట్ లేకుంట మామూలు బెల్టుతోని కూసున్నోనికి చిన్న గుద్దుకే తలకాయ పొయ్యి ఆ పైపుకు తగుల్తది. ట్రాకు మీద ప్రాణం నిలబెట్టేదే రోడ్డు మీద ప్రాణం తీస్తది. రేసు సీటు కోసమని సైడ్ ఎయిర్‌బ్యాగు ఉన్న సీటును పీకేసుడు గూడ గసొంటిదే.

చట్టం సంగతి చాలామందికి ఎరుక లేదు, షెడ్ల చెప్పరు. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ఏమంటదంటే, కంపెనీ తయారుచేసినప్పుడు ఉన్న లెక్కలకు భిన్నంగ బండిని మార్చొద్దు. 2019 జనవరి 9 నాడు సుప్రీంకోర్టు జయచంద్ర కేసుల ఇదే గట్టిగ చెప్పింది. రంగు మార్చుకునుడు, చిన్న చిన్న అమరికలు వేరు, బండి అసలు నిర్మాణం మార్చుడు వేరు అని. 2019 సవరణ తర్వాత సెక్షన్ 182ఎ కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5 వేల జుర్మానా, ఆరు నెలల దాక జైలు, లేకుంటే రెండూ పడొచ్చు. సైలెన్సర్ మోతకు, పొగకు సెక్షన్ 190 కింద 10 వేల దాక జుర్మానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. రోడ్డు మీద పర్మిషన్ లేకుంట రేసు పెట్టుకుంటే సెక్షన్ 189. మొదటిసారి మూడు నెలల దాక జైలు గాని 5 వేల దాక జుర్మానా గాని, లేకుంటే రెండూ.

ఇన్సూరెన్సు కాయితం ఇంట్లనే ఉంటది, ఒక్కసారి తీసి చూడున్రి. బండిని ఏ పనులకు వాడొద్దో రాసిన జాగల రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ అని ఉంటయి. అంటే నువ్వు రోజు తోలే కారును ట్రాకు మీదికి తీసుకపొయ్యి గోడకు గుద్దితే ఆ నష్టం మొత్తం నీదే. కిస్తు మాత్రం ఆగది. చెప్పకుంట ఇంజన్ తాకత్ పెంచిన బండి రోడ్డు మీద గుద్దుకున్నా, సర్వేయర్ అది పట్టుకుంటే క్లెయిమ్ కాడ లొల్లి తప్పది.

"మరి హైదరాబాద్‌ల రోడ్డు మీదనే రేసు పెట్టిన్రు గదన్నా" అని ఒక తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్ననే. 2023 ఫిబ్రవరి 11 నాడు మన హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు, నెక్లెస్ రోడ్డు దిక్కు ఫార్ములా ఈ రేసు జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల తొవ్వ, ఫ్రెంచి డ్రైవర్ జీన్ ఎరిక్ వెర్న్ గెలిచిండు. దాని కోసం ఏం చేసిన్రో యాది చేసుకోన్రి. రోడ్డు మల్ల ఏసిన్రు. రెండు దిక్కుల సిమెంటు దిమ్మెలు, వాటి మీద ఇనుప జాలీలు. ట్రాఫిక్ బంద్, ఊరంత తిప్పలు. ప్రతి మూలకు జెండా పట్టుకున్న మనిషి, అంబులెన్సు, డాక్టర్లు. అందరు ఒకే దిక్కు పోతరు, ఎదురుంగ వచ్చేటోడు లేడు, కుక్క లేదు, పానీపూరి బండి లేదు. రేసు అయిపోంగనే ఆ దిమ్మెలు తీసేసిన్రు. అదే రోడ్డు ఇప్పుడు మామూలు రోడ్డు. ఆ రేసుకు కట్టిన సర్కారు పైసల మీద 2024 డిసెంబర్‌ల ఏసీబీ కేసు పెట్టింది, అది కోర్టుల తేలుతది. రోడ్డు ట్రాకు ఎప్పుడైతదని అడిగితే మాత్రం గిదే జవాబు. గన్ని పెట్టినప్పుడు, గా రెండు దినాలు.

ఓఆర్ఆర్ గూడ ట్రాకు కాదు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద లోపటి రెండు లైన్లల్ల 120 దాక పోవచ్చు. పక్క లైన్ల 80 మీద పోయే లారీ ఎప్పుడు ఇవతలికి వస్తదో నీకు చెప్పది.

నిజంగ రేసు మీద పాణం ఉన్న పోరగాండ్లు గూడ మన ఊర్లల్ల ఉన్నరు. వాళ్లకు చెప్పేది ఇంకోటి. మన దేశంల కెల్లి మొదలు ఫార్ములా వన్‌కు పోయింది నారాయణ్ కార్తికేయన్, 2005ల. ఆయన మొదలువెట్టింది ఫార్ములా మారుతి అనే బండితోని. అందుల ఉండేది మారుతి 800 ఇంజన్, 796 సీసీ. ఆ బండ్లను కోయంబత్తూరుల కరివర్ధన్ అనే ఆయన తయారుచేసిండు. ఆయన పేరు మీదనే అక్కడ 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నది. చెన్నై ట్రాకు మీద ఏండ్లకేండ్లు రేసులు కొట్టింది ఏ బండ్లో తెలుసా? పాత మారుతి ఎస్టీమ్‌లు, పాత హోండా సిటీలు. ఎస్టీమ్‌ల 1.3 లీటర్ల ఇంజన్, 85 గుర్రాల తాకత్. బరువు తొమ్మిది వందల కిలోల లోపే. కాంపెనీ తయారీ 2007 నాటికి ఆగిపోయిన బండి. తేలిక, పార్టులు అగ్గువ, గుద్దినా కండ్ల నీళ్లు రావు. ట్రాకు బండికి కావాల్సిన గుణాలు గవే.

కాబట్టి రేసు నేర్చుకోవాల్నంటే మొదలు కార్టింగ్. హైదరాబాద్ చుట్టు ఆ జాగలున్నయి, కొంపల్లి దిక్కు గూడ ఉన్నది. నాలుగైదు వందల మీటర్ల వంపులల్ల కిరాయి కార్టు తోలితే బ్రేకు ఎక్కడ కొట్టాలె, వంపుల బండి ఎట్ల జారుతది అనేది నీ లక్ష రూపాయల స్టేజ్ వన్ కంటె ఎక్కువ నేర్పుతది. తర్వాత చెన్నై, కోయంబత్తూరుల రేసింగ్ స్కూళ్లు ఉన్నయి. వాళ్ల బండ్లు, వాళ్ల హెల్మెట్. పోటీల దిగాల్నంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు కావాలె, అది దేశంల మోటార్ రేసులను నడిపే సంస్థ. ఇది గూడ అగ్గువ ఆట కాదు, దాపెట్టుడెందుకు. సికింద్రాబాద్‌కెల్లి చెన్నై ఆరువందల కిలోమీటర్ల పైన. అసలు రేసు కారు రోడ్డు మీద నడిచి పోదు, ఇంకో బండి మీద ఎక్కిచ్చుకొని పోతరు. టైర్లు ఒక్క ఆదివారంల అరిగిపోతయి. సర్కారు క్రీడల బడ్జెట్‌ల పల్లె పోరగానికి గిసొంటి ఆటకు తొవ్వ ఉన్నదా అని నాకు అడగబుద్ధయితది, దాని మీద ఇంకోసారి రాస్త.

ఇగ అసలు ప్రశ్నకు నా జవాబు. ఒక్క కారుకే పైసలుంటే రోజు తిరిగే కారే కొను, దాన్ని మార్చకు. ఉషారు కావాల్నంటే కంపెనీ నుంచే ఉషారుగ వచ్చినది తీసుకో. కొత్తదైతే ఐ20 ఎన్ లైన్ నాకు మంచిగనే అనిపిస్తది. జర ఎక్కువ పెట్టగలిగితే వర్టస్ 1.5, 150 పీఎస్, మాన్యువల్ గేరు. పాతదైతే 2020 తర్వాతి పోలో. అంతకంటె పాత బండ్లు చాలావరకు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కోసం తయారైనవి కావు, రబ్బరు పైపులు చూసుకోవాలె. దాని మీద పైసలు పెట్టబుద్ధయితే నాలుగు మంచి టైర్లు, మంచి ప్యాడ్లు ఎయ్యి, రెండేండ్లకొకసారి బ్రేకు ఆయిలు మార్పియ్యి. ఇవి చట్టానికి అడ్డం రావు, టైరు కొలత కంపెనీ చెప్పినదే ఉండాలె.

పాత బండి చూడనీకె పోయినప్పుడు టీజీ 10 నంబరు చూసి సికింద్రాబాద్ బండి, మంచిగ చూసుకుంటరని మురవకు. పొద్దుగాల, ఇంజన్ సల్లగ ఉన్నప్పుడే పో. ముందే వేడి చేసి పెట్టిండంటే ఏదో దాస్తున్నడు. ఆర్సీల రాసిన సీసీ, రంగు, ఇంజన్ నంబరు బండి మీదవాటితోని కలుస్తున్నయా చూడు. సర్వీసు రికార్డు కంపెనీ కాడ అడుగు. కంప్యూటర్‌ల లెక్కలు మార్చిన్రా లేదా స్కానర్ పెట్టి చూపియ్యమను, మల్ల పాత లెక్కలు ఎక్కిచ్చి అమ్మేటోళ్లు గూడ ఉన్నరు కాబట్టి టర్బో పైపులు, క్లిప్పులు కొత్తయి ఏసిన్రా కండ్లతోని చూడు. బ్రేకు ఆయిలు డబ్బా మూత తీసి చూడు, చాయ్ రంగు ఉంటే మార్చి ఏండ్లయినట్టు. ఆఖరుకు ఒక్కటి అడుగు: "అన్నా, కంపెనీ సైలెన్సర్ ఎక్కడున్నది?" బండికే ఉన్నదంటే కిందికి వంగి బోల్టులు చూడు, పానా గీతలున్నయా అని. ఇంట్ల ఉన్నదంటే, బయానా ఇచ్చే ముందే అది తెప్పిచ్చి బండికి బిగించమను.